పెనం పట్టిన కాపరి మనవరాలు: ‘ది వీ ఫ్రీ మెన్’

మంత్రగత్తె కావాలనుకునే చిన్నపిల్ల కథ అనగానే కోటలాంటి బడి, మంత్రదండం, ఎగిరే చీపురుకట్ట ఉంటాయని పిల్లలు లెక్కేసుకుని కూర్చుంటారు. ఇంగ్లండు రచయిత టెర్రీ ప్రాచెట్ 2003లో తెచ్చిన ‘ది వీ ఫ్రీ మెన్’లో బడీ లేదు, దండమూ లేదు. గొర్రెల మంద ఉంది, టర్పెంటైన్ వాసన ఉంది, గొర్రెల రోగాల మీద రాసిన లావుపాటి పుస్తకం ఉంది, పిడి ఉన్న ఇనుప పెనం ఉంది. ఆ పెనమే ఆయుధం. కళ్యాణదుర్గం, రాయదుర్గం, కంబదూరు పక్క మందలు చూస్తూ పెరిగిన పిల్లలకు ఇందులో సగం సంగతులు విడమరిచి చెప్పే పనే ఉండదు. తంటా అంతా ఇంగ్లీషుతోనే. ఆ తంటా చిన్నదేం కాదు గానీ, దాటే దారి ఉంది.

టిఫనీ ఏకింగ్‌కు తొమ్మిదేళ్ళు. సుద్దనేల మీద, చెట్లు పెద్దగా లేని పచ్చిక తిప్పల మధ్య ఉన్న ఊరు. ఇంటిపని, పాలపని ఆమెవే: వెన్న తీస్తుంది, చీజ్ చేస్తుంది, ఆ పనిలో ఆమె చెయ్యి మంచిది. తమ్ముడు వెంట్‌వర్త్ ఎప్పుడూ జిగురు చేతులతో మిఠాయి కావాలని ఏడుస్తుంటాడు. ఒకరోజు యక్షిణుల రాణి ఆ తమ్ముణ్ణి ఎత్తుకుపోతుంది. పెద్దవాళ్ళెవరూ పట్టించుకునే స్థితిలో లేరు, కనుక టిఫనీయే బయల్దేరుతుంది. తోడు వచ్చేది నాక్ మాక్ ఫీగిల్స్ అనే ఆరంగుళాల మనుషుల దండు. ఒళ్ళంతా నీలం, జుట్టు ఎర్రన. తాగడం, కొట్లాడడం, దొంగతనం తప్ప నాలుగో పని తెలియనివాళ్ళు. కథ ఇంతే. 14 అధ్యాయాలు, ముద్రణను బట్టి 300 పేజీలకు అటూ ఇటూ.

పుస్తకం కొనాలో వద్దో తేల్చుకోవడానికి మొదటి అధ్యాయం చాలు. వాగులోంచి పళ్ళు, గోళ్ళు ఉన్న రాక్షసి ఒకటి లేస్తుంది. టిఫనీ తప్పించుకుని ఇంటికొస్తుంది. పాత కథల పుస్తకం తీసి చూస్తే దాని కళ్ళు ‘సూప్ ప్లేటంత’ అని రాసి ఉంటుంది. ఇక్కడ మామూలు కథల్లో పిల్ల భయపడి అమ్మ దగ్గరికి పరిగెడుతుంది. ఈ పిల్ల మాత్రం వంటింట్లోకి పోయి నిజంగానే సూప్ ప్లేటు తీసి కొలుస్తుంది: ఎనిమిది అంగుళాలు. అంటే తను చూసింది అదేనని తేలింది. తర్వాత ఇనుప పెనం, మిఠాయి పొట్లం పట్టుకుని వాగు గట్టుకు తిరిగొస్తుంది. మిఠాయి ఇచ్చి తమ్ముణ్ణే ఎరగా కూర్చోబెట్టి, పొద చాటున కాచుకుంటుంది. రాక్షసి పైకి లేవగానే పెనంతో ఒక్కటి. ఆ చప్పుడే అధ్యాయానికి పేరు.

తమ్ముణ్ణి ఎర వేయడం పిల్లలకు మహా నచ్చుతుంది, పెద్దలు కాస్త ముఖం చిట్లిస్తారు. రచయితకు ఆ సంగతి తెలుసు. టిఫనీకి తమ్ముడంటే ముద్దేమీ లేదని, అయినా వాడు ‘నా’ తమ్ముడు కాబట్టి ఎవరూ ముట్టుకోకూడదని ఆమె పట్టుదలని పుస్తకం దాచకుండా చెబుతుంది. ఈ ‘నాది’ అనే మాట చుట్టూనే చివరి అధ్యాయాలు తిరుగుతాయి. అన్న కోసం ప్రాణమిచ్చే చెల్లెళ్ళ కథలు విని విసిగిన పిల్లలకు ఈ నిజాయితీ హాయిగా ఉంటుంది.

అసలు బలం మాత్రం ఏకింగ్ అవ్వది. కథ మొదలయ్యేసరికే ఆమె చనిపోయి ఉంటుంది. టిఫనీ జ్ఞాపకాల్లోనే కనబడుతుంది, అయినా పుస్తకమంతా ఆమెదే. తిప్ప మీద చక్రాల గుడిసెలో ఉంటూ, గోనెపట్టలు కప్పుకుని, జాలీ సెయిలర్ పొగాకు పీలుస్తూ, రెండు కుక్కలతో మందను కాసిన ఆడమనిషి. కుక్కల పేర్లు థండర్, లైట్నింగ్. ఆమె మంత్రగత్తె అని ఎవరూ అనరు, ఆమే ఒప్పుకోదు. కానీ ఆ చుట్టుపక్కల గొర్రెకు, మనిషికి కష్టమొస్తే జనం చూసేది ఆమె వైపే.

ఆమె గొప్ప చూపడానికి రచయిత ఎంచుకున్న ఘటన మంద తెలిసినవాళ్ళు తల ఊపేది. జమీందారు లాంటి బారన్ కుక్క ఒకటి గొర్రెను చంపుతుంది. గొర్రెను చంపిన కుక్కను చంపాల్సిందేనని అక్కడి చట్టం. బారన్ తన కుక్కను కాపాడమని అవ్వను వేడుకుంటాడు. అవ్వ మంత్రం వేయదు. కుక్కను, పిల్లతో ఉన్న తల్లిగొర్రెను ఒకే చోట పెట్టి తలుపేస్తుంది. పిల్ల పక్కన ఉన్న గొర్రె పారిపోదు. ఎదురొచ్చి కుమ్ముతుంది. దెబ్బ తిన్న కుక్క మళ్ళీ గొర్రె జోలికి పోదు. మన దగ్గర ఈనిన గొర్రె దగ్గరికి కొత్త కుక్కను రానిస్తే ఏమవుతుందో కాపరి ఇళ్ళలో ఎవరినడిగినా చెబుతారు. ఊరివాళ్ళకు అది మంత్రంలా కనబడింది, అవ్వకు మాత్రం అది గొర్రె స్వభావం. పుస్తకంలో మంత్రమంటే చాలావరకు ఇదే.

అదే అవ్వకు టిఫనీ ఒకసారి జాతరలో గెలిచిన పింగాణీ బొమ్మ ఇస్తుంది. గొర్రెలు కాసే అమ్మాయి బొమ్మ: కుచ్చుల గౌను, రిబ్బన్లు, మురికి అంటని చేతులు. ఇచ్చాక గాని పిల్లకు తట్టదు, గోనె కప్పుకున్న అసలు కాపరికి తను ఇచ్చింది ఇదా అని. అవ్వ ఏమీ అనదు. అనకపోవడమే టిఫనీని ఏళ్ళ తరబడి గుచ్చుతుంది. ఆరో అధ్యాయంలో ఈ సంగతి వస్తుంది. పుస్తకం మొత్తంలో ఇంతకన్నా బాగా రాసిన పేజీలు లేవు. గొంగడి కప్పుకుని మంద వెంట తిరిగే తాత గురించి బళ్ళో చెప్పుకోవడానికి మొహమాటపడే పిల్ల ఎవరైనా ఉంటే ఈ పేజీలు ఆ పిల్ల చేతిలో పెట్టాలి.

చదివేటప్పుడు పిల్లలు అడిగే ప్రశ్నలు కొన్ని ముందే తెలుసుకుంటే మంచిది. అక్కడి నేల సుద్ద, అంటే సముద్రంలో బతికిన సూక్ష్మజీవుల గుల్లలు పేరుకుని అయిన మెత్తటి తెల్లరాయి. అందులో చెకుముకి రాళ్ళు దొరుకుతాయి. పదమూడో అధ్యాయానికి ఈ సముద్రం సంగతే ఆయువుపట్టు, కనుక ముందుగా ఒక మాట చెప్పి ఉంచాలి. మిస్ టిక్ అనే మంత్రగత్తె ఒకచోట, మంచి మంత్రగత్తెలు గట్టి రాతి నేల మీదే పుడతారని, సుద్ద మీద పుట్టరని తేల్చేస్తుంది. ఆ లెక్కన పెనుకొండ, గుత్తి గుట్టల్లో వీధికి ఒకరు ఉండాలి.

అక్కడ వాన ఎక్కువ, నేల తడి. అందుకే గిట్టలు కుళ్ళడం అక్కడి కాపరికి పెద్ద బెడద. మనకు వానే తక్కువ. ఇక్కడ కాపరి భయపడేది తొలకరి తర్వాత లేత గడ్డి విపరీతంగా మేసి వచ్చే చిటుక రోగానికి, పొద్దున బాగున్న గొర్రె సాయంత్రానికి ఉండదు. అక్కడి మంద ఒకే తిప్ప చుట్టూ తిరుగుతుంది. మనవాళ్ళు కోతలయ్యాక రైతు చేన్లో మంద కట్టి ఎరువుకు బదులు గింజలో డబ్బో పుచ్చుకుంటారు. ఈ తేడాలు చెబితే పిల్లలు పుస్తకంలోని రోగాల పేర్లు చూసి నవ్వడమే కాదు, ఇంట్లో పెద్దవాళ్ళను తమ మంద గురించి అడగడం మొదలుపెడతారు. గొర్రెలు లెక్కపెట్టే పాత పద్ధతి కూడా ఒకటి వస్తుంది: యాన్, టాన్, టెథరా అని మొదలై ఇరవైకి జిగ్గిట్ అంటారు. ఇది రచయిత కల్పన కాదు, ఇంగ్లండు ఉత్తర ప్రాంతాల కాపరులు నిజంగా వాడిన లెక్క. కాపరి చనిపోతే శవం మీద ఉన్ని కుచ్చు పెట్టి పూడ్చే ఆచారమూ అంతే. గొర్రెలు ఈనే కాలంలో గుడికి రాలేకపోయాడని దేవుడు అర్థం చేసుకోవాలని ఆ ఏర్పాటు.

పుస్తకంలో చేదు కూడా ఉంది. స్నాపర్లీ అనే ముసలామె అడవి అంచున ఒంటరిగా ఉంటుంది. పళ్ళు లేవు, పిల్లి ఉంది, తనలో తను మాట్లాడుకుంటుంది. బారన్ కొడుకు కనబడకుండా పోతే ఊరంతా ఆమెనే అనుమానిస్తుంది. ఇల్లు పడగొడతారు, పిల్లిని రాళ్ళతో కొడతారు, ఎవరూ చేరదీయరు, మంచులో చనిపోతుంది. మంత్రగత్తెలు ఎలా ఉంటారో కథల పుస్తకం చెప్పింది, ముసలామె చూడటానికి అలాగే ఉంది, అంతకు మించి సాక్ష్యం లేదు. టిఫనీ మంత్రగత్తె కావాలనుకోవడానికి కారణం ఇదే: ఇంకెవరికీ ఇలా జరగకూడదని. చేతబడి అనుమానంతో ముసలివాళ్ళను కొట్టారన్న వార్తలు తెలుగు పత్రికల్లో చదివిన ఇంట్లో ఈ భాగాన్ని దాటేయకూడదు. పదేళ్ళలోపు పిల్లలకు పిల్లి సంగతి మాత్రం కాస్త తేలిక చేసి చదివినా నష్టం లేదు.

టిఫనీ నేర్చుకునే విద్యలో రెండు మెట్లు. ఒకటి, కళ్ళ ముందు నిజంగా ఉన్నదాన్ని చూడటం. ఉంటుందని అనుకున్నదాన్ని కాదు. రెండోది, తను ఎందుకలా ఆలోచిస్తున్నానో తనే ఒకసారి తరచి చూసుకోవడం. సూప్ ప్లేటు కొలవడం మొదటిది, బొమ్మ ఇచ్చాక సిగ్గుపడటం రెండోది. ఈ రెండింటికీ పేర్లు పెట్టి పుస్తకం ఒకట్రెండు చోట్ల ఉపన్యాసం వైపు జారుతుంది. అంతలోనే ఫీగిల్స్ ఎవరో ఒకరు తలతో ఢీకొట్టి కాపాడతారు.

ఇక ఫీగిల్స్. వీళ్ళు గొర్రెను దొంగిలించే తీరు: ఒక్కో గిట్ట కింద ఒక్కడు దూరి ఎత్తుకుని పరిగెడతారు. చూసేవాళ్ళకు గొర్రె వెనక్కి వెనక్కి దౌడు తీసినట్టుంటుంది. తాము ఇదివరకే చనిపోయామని, ఇది స్వర్గమని వాళ్ళ నమ్మకం. కొట్టుకోవడానికి, తాగడానికి, ఎత్తుకుపోవడానికి ఇన్ని ఉన్న లోకం స్వర్గం కాక ఇంకేమిటి? రాక్షసులకు భయపడరు గాని కాగితం మీద రాతకు, లాయర్లకు వణికిపోతారు. లాయరు దగ్గర్లో ఉంటే వాళ్ళ కత్తులు నీలంగా వెలుగుతాయి. పొలం గట్టు తగాదాకు ఏళ్ళ తరబడి వాయిదాలకు తిరిగిన ఇళ్ళలో ఈ హాస్యానికి వివరణ అక్కర్లేదు.

ఒక గుంపుకు ఒకతే తల్లి, ఆమెను కెల్డా అంటారు. మిగతా వందల మంది ఆమె కొడుకులే. ఆ పదవి కొంతకాలం టిఫనీ మీద పడుతుంది. కెల్డా అయితే పెళ్ళి చేసుకోవాలి. ఆరంగుళాల వరుణ్ణి తొమ్మిదేళ్ళ పిల్ల ఎలా వదిలించుకుంటుందంటే, ఎవరి మనసూ నొప్పించకుండా ఒప్పుకుని, ముహూర్తం పెడుతుంది: లోకం చివర మైలెత్తు రాతికొండ ఉంది, ఏడాదికోసారి ఒక పిట్ట వచ్చి దాని మీద ముక్కు రాస్తుంది, ఆ కొండ అరిగి ఇసుకరేణువు అయిననాడు పెళ్ళి. కల్పం ఎంత పొడుగో చెప్పడానికి బౌద్ధ కథల్లో నూరేళ్ళకోసారి కాశీ పట్టుతో కొండను తుడిచే లెక్క విన్నవాళ్ళు ఇక్కడ ఫక్కున నవ్వుతారు.

వీళ్ళ భాషే చదివేవాళ్ళను ఆపేసేది. స్కాట్లాండు యాసలో, అక్షరాలు మింగి మాట్లాడతారు. నాలుగో అధ్యాయంలో ఒకేసారి మూకుమ్మడిగా వస్తారు, ఇంగ్లీషు మీడియంలో చదివే ఏడో తరగతి పిల్లలు కూడా చాలామంది అక్కడే పుస్తకం మూసేస్తారు. దీనికి మందు సులువు: కళ్ళతో చదవద్దు, పైకి చదవాలి. చెవికి వినబడితే సగం అర్థమైపోతుంది. ఓ పన్నెండు మాటలు ముందే తెలిస్తే మిగతా సగమూ తీరుతుంది. డిన్నా అంటే డు నాట్. కెన్ అంటే తెలుసు. వీ అంటే చిన్న, బెయిర్న్ అంటే పిల్ల, హీడ్ అంటే తల, ఊట్ అంటే అవుట్. హ్యాగ్ అంటే మంత్రగత్తె, బిగ్‌జాబ్స్ అంటే మనలాంటి పెద్ద మనుషులు. షిప్స్ అన్నప్పుడు ఓడలు కాదు, గొర్రెలు. క్రివెన్స్ అన్నది అబ్బో, ఓరినాయనో అన్న చోటల్లా పనికొచ్చే కేక. గాన్నగల్ అంటే గుంపు పాటగాడు. గీస్ అంటే తప్పించుకోలేని ఒట్టు. ఇవి ఒక చీటీ మీద రాసి పుస్తకంలో పెట్టి ఇవ్వండి. టిఫనీ కథల్లో రెండో పుస్తకం మొదట్లో రచయితే ఇలాంటి పట్టిక ఇచ్చారు, అది అందుబాటులో ఉంటే ముందే చదివించొచ్చు.

ఇంట్లో తెలుగు చేసి చెప్పేవాళ్ళకు ఫీగిల్స్ నోట సీమ యాస పెట్టాలని మనసు లాగుతుంది. ‘యాడికి పోతాండావు పాపా’, ‘యో, నువ్వు నిలబడ్రా’ అంటే పిల్లలు పడిపడి నవ్వుతారు కూడా. ఒక జాగ్రత్త కావాలి: ఫీగిల్స్‌కు మాత్రమే యాస పెట్టి టిఫనీకి, అవ్వకు పుస్తకాల తెలుగు పెడితే కథ తలకిందులవుతుంది. అవ్వ కూడా పల్లె మాటే మాట్లాడే మనిషి. ఈ పుస్తకంలో నున్నటి మాటలు, తియ్యటి దబాయింపు రాణివి. బడిభాష ఆమెకిచ్చి మిగతా అందరినీ ఇంటి మాటలో మాట్లాడిస్తే, ఎవరు ఎవరి పక్షమో పిల్లలకు చెప్పకుండానే తెలిసిపోతుంది.

లోపాలు లేవని కాదు. ఎనిమిదో అధ్యాయం నుంచి పదకొండో అధ్యాయం వరకు రాణి లోకంలో నడక మందగిస్తుంది. అక్కడ డ్రోమ్స్ అనే తెల్లటి బొద్దు ప్రాణులు కలలు అల్లి వల వేస్తాయి. కలలో ఏదైనా తింటే మళ్ళీ బయటికి రావడం ఉండదు. ఒక్క కల బాగుంటుంది, కలలో కల వచ్చేసరికి ఎక్కడున్నామో తప్పిపోతుంది. పెద్దవాళ్ళకు ఇది రచయిత నేర్పుగా తోస్తుంది, పదేళ్ళ పిల్లలకు విసుగు. పైకి చదివేటప్పుడు కల మారిన ప్రతిచోటా ఆగి ‘ఇప్పుడు ఇది ఎవరి కల?’ అని అడిగితే దారి తప్పరు. అప్పుడు కూడా పదో అధ్యాయం ఒకే రాత్రి ముగించాలని పట్టుబట్టవద్దు. అగ్గి కళ్ళు, కత్తుల్లాంటి పళ్ళు ఉన్న నల్ల కుక్కలు కూడా ఈ లోకంలో వస్తాయి. రాత్రి నిద్రకు ముందు చదివితే కొందరు పిల్లలు లేచి కూర్చుంటారు, పగలు చదవడం మేలు.

రెండో లోపం బారన్ కొడుకు రోలండ్. తప్పిపోయిన ఆ కుర్రాణ్ణి కథలోకి తెచ్చారు గాని అతనికి చేయడానికి పని సరిగ్గా ఇవ్వలేదు. చివర్లో ఊరు ఎవరిని మెచ్చుకుంటుందన్న దానికోసమే అతను ఉన్నట్టుంటుంది. తర్వాతి పుస్తకాల్లో మనిషిగా ఎదుగుతాడు, ఇందులో మాత్రం బొమ్మే. ఫీగిల్స్ తాగుడు గురించి కొందరు తల్లిదండ్రులు అభ్యంతరపడొచ్చు. గొర్రెలకు పూసే మందు పేరుతో అవ్వ కాచిన సారాయిని వాళ్ళు లాగించే వైనం పుస్తకమంతా నవ్వులాటగానే సాగుతుంది. ఇంట్లో ఆ బాధ నిజంగా ఉన్న పిల్లలకు అది నవ్వులా అనిపించకపోవచ్చు, ఇచ్చేముందు ఆలోచించాలి.

ఎవరికి ఏ వయసులో? ఇంగ్లండులో తొమ్మిది, పదేళ్ళవాళ్ళు సొంతంగా చదువుతారు. ఇక్కడ సొంతంగా అయితే ఎనిమిది, తొమ్మిది తరగతులు సరైన అదును. పెద్దవాళ్ళు చదివి వినిపిస్తే నాలుగో తరగతి నుంచే మొదలుపెట్టొచ్చు. అధ్యాయాలు పొడుగువి, ఒక్కోదాన్ని రెండు పూటలకు విడగొట్టాలి. మధ్యలో తెలుగులో రెండు ముక్కలు చెప్పుకుంటూ పోతే వేసవి సెలవుల్లో తీరిగ్గా పూర్తవుతుంది. బళ్ళో లైబ్రరీ పీరియడ్‌కు తీసుకునే టీచర్లు మొదటి అధ్యాయం, కుక్కకు గొర్రె బుద్ధి చెప్పే భాగం, పింగాణీ బొమ్మ భాగం విడిగా చదివినా సరిపోతుంది. ఆ మూడు విన్నాక మిగతాది పిల్లలే అడుగుతారు.

ఇది డిస్క్‌వరల్డ్ అనే పెద్ద వరసలో 30వ నవల. ముందువి చదవకపోయినా ఏ ఇబ్బందీ లేదు. చివర్లో ఇద్దరు పెద్ద మంత్రగత్తెలు వస్తారు, పాత పాఠకులకు వాళ్ళు చుట్టాల్లాంటివాళ్ళు, కొత్తవాళ్ళకు ఇద్దరు గడుసు ముసలమ్మలు, అంతే తేడా. టిఫనీ కథ మొత్తం ఐదు పుస్తకాలు: దీని తర్వాత ‘ఎ హ్యాట్ ఫుల్ ఆఫ్ స్కై’ 2004, ‘వింటర్‌స్మిత్’ 2006, ‘ఐ షల్ వేర్ మిడ్‌నైట్’ 2010, ‘ది షెపర్డ్స్ క్రౌన్’ 2015. చివరిది రచయిత అదే ఏడు మార్చిలో చనిపోయాక వచ్చింది. పనిపిల్లగా చేరి మంత్రవిద్య నేర్చుకోవడం రెండోదాంట్లో మొదలవుతుంది. అక్కడ టిఫనీకి పదకొండేళ్ళు, గురువు రెండు శరీరాలున్న ఒకే మనిషి. మూడోదాకా పిల్లలకు వరసగా ఇవ్వొచ్చు. నాలుగోది మాత్రం ఆగి ఇవ్వాలి. తండ్రి కొట్టిన దెబ్బలకు గర్భం పోయిన అమ్మాయితో మొదలవుతుంది, పదిహేనేళ్ళు దాటినవాళ్ళకే అది. అట్ట మీద టిఫనీ బొమ్మ చూసి పెట్టెడు పుస్తకాలు ఒకేసారి కొని చిన్నపిల్లల చేతికి ఇచ్చేసే ఇళ్ళున్నాయి, అందుకే ఈ మాట.

కొనేటప్పుడు రెండు సంగతులు చూసుకోవాలి. 2008లో స్టీఫెన్ ప్లేయర్ బొమ్మలతో వచ్చిన పెద్ద సైజు ముద్రణ పైకి చదివేవాళ్ళకు అనువు, ఫీగిల్స్ ఎంత ఉంటారో పిల్లలకు బొమ్మల్లో ఇట్టే తెలుస్తుంది, కాకపోతే ధర ఎక్కువ, బరువూ ఎక్కువ. మామూలు పేపర్‌బ్యాక్ చాలనుకుంటే లోపలి పేజీ ఒకటి తెరిచి అక్షరం సైజు చూడండి. దొంగ ముద్రణల్లో కాగితం పల్చన, అక్షరం మసక, పేజీ కింద సన్నగా ఉండే గమనికలు చదవడానికి రావు. ప్రాచెట్ హాస్యంలో కొంత ఆ కింది గమనికల్లోనే ఉంటుంది కాబట్టి యాభై రూపాయలు తగ్గిందని అలాంటి కాపీ తీసుకోవద్దు. దొరక్కపోతే జిల్లా గ్రంథాలయంలో పిల్లల విభాగానికి తెప్పించమని రాసిచ్చి, ఆ లోపు చీటీ మీద ఫీగిల్స్ మాటలు రాసిపెట్టుకోండి.